ఖడక్‌వాస్లా దారిలో ఆటస్థలం

ఇంటర్ చదువుతోనే సైన్యంలో అధికారి కావాలనుకునే పిల్లలకు పుణె దగ్గరున్న ఖడక్‌వాస్లా పెద్ద దారి. అక్కడి నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరడానికి యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు రాతపరీక్ష పెడుతుంది. దానికి 900 మార్కులు. గట్టెక్కినవాళ్ళను సెలక్షన్ బోర్డు ఐదు రోజులు దగ్గర పెట్టుకుని చూస్తుంది. దానికీ 900 మార్కులే. బోర్డు దగ్గర అభ్యర్థి చేత ఒక ఫారం నింపిస్తారు. తల్లిదండ్రులేం చేస్తారు, ఏ ఊరు, ఏ క్లాసులో ఎన్ని మార్కులు అన్నవాటితో పాటు ఏ ఆట ఆడావు, ఎంతకాలం ఆడావు, ఏ స్థాయి దాకా వెళ్ళావు అని కూడా అడుగుతారు. ఆ గడికి విడిగా మార్కులేమీ లేవు. ఉండాలా, వద్దా? ఈ సంవాదం దాని మీదే.

మాట్లాడుకున్న ఇద్దరిదీ విజయనగరం. ఒకరు జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరైన మాస్టారు. రెండోవారు ఆ స్కూల్లోనే చదువుకుని, ఇప్పుడు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎంపీసీ పిల్లలకు లెక్కలు చెబుతున్న మేడమ్. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సైన్యంలో పనిచేసేవాళ్ళు లేని ఊరు అరుదు. జవానుగా వెళ్ళడం ఇక్కడ ఇంటింటి కథ, అధికారిగా వెళ్ళడం మాత్రం ఇప్పటికీ తక్కువే. అందుకే ఈ మాటలు ఇద్దరికీ కాలక్షేపం కాదు. నేను మేడమ్ వైపు మొగ్గుతాను, ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం. అయితే మాస్టారి మాటల్లో ఒకదానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

మాస్టారు: డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీలో సి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడికి రాతపరీక్ష లేకుండానే బోర్డు పిలుపొస్తుంది. జవాన్ల భర్తీలో ఆటగాళ్ళకు బోనస్ మార్కులున్నాయి. నీరజ్ చోప్రాను 2016లో నాయబ్ సుబేదారుగా తీసుకున్నారంటే అది జావెలిన్ చలవే కదా. మరి ఖడక్‌వాస్లా దగ్గరికొచ్చేసరికి ఆట ఎందుకు పనికిరాకుండా పోయిందమ్మా? రాష్ట్రం తరఫున వాలీబాల్ ఆడినవాడూ బంతి ముట్టనివాడూ ఒకే వరసలో నిలబడాలి. పైగా ఆడినవాడు ఆడినన్నేళ్ళూ గ్రౌండులో గడిపాడు కాబట్టి, రాతపరీక్ష దగ్గరే జారిపోతాడు. ఐదు శాతం, పోనీ మూడు శాతం మార్కులు ఇవ్వండంటున్నాను. తప్పా?

మేడమ్: ఎన్‌సీసీ పిల్లలకు తప్పింది రాతపరీక్ష ఒక్కటే మాస్టారూ. ఐదు రోజుల బోర్డు వాళ్ళకీ తప్పలేదు. మీరడిగే మూడు శాతం రేపు నిజంగా వచ్చిందనుకోండి, ఎల్లుండికి ఏమవుతుందో నాకు తెలుసు. సర్టిఫికెట్‌కు మార్కులుంటే సర్టిఫికెట్‌కు బజారు పుడుతుంది. పేరు కూడా వినని ఆటల ఫెడరేషన్లు, నాలుగు జట్లతో జాతీయ పోటీలు, ఫీజు కడితే పతకాలు. ఇంజనీరింగ్, మెడికల్ సీట్లలో స్పోర్ట్స్ కోటా కోసం పత్రాల వెంట పరుగెత్తిన తల్లిదండ్రులను మీరు చూడలేదా?

మాస్టారు: దొంగ పత్రాలున్నాయని అసలు ఆటనే పక్కన పెడతామా? కుల ధ్రువీకరణ పత్రాల్లో దొంగవి ఉన్నాయని రిజర్వేషన్ తీసేశామా? పరిశీలించండి, దొంగల్ని పట్టుకోండి. అమెరికా వాళ్ళు చేయడం లేదా? 1802 నుంచి నడుస్తున్న వెస్ట్ పాయింట్‌లో అభ్యర్థికి వేసే లెక్కలో అరవై శాతం చదువు, ముప్పై శాతం నాయకత్వ లక్షణం, పది శాతం దేహదారుఢ్యం. ఆ ముప్పైలో స్కూలు జట్టులో ఆడాడా, దానికి కెప్టెన్‌గా ఉన్నాడా అన్నవి చూస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం చూసొచ్చిన మెకార్థర్ 1919లో అక్కడ సూపరింటెండెంట్ కాగానే చేసిన పెద్ద మార్పుల్లో ఒకటేమిటో తెలుసా? ప్రతి కేడెట్ ఏదో ఒక ఆట ఆడి తీరాలన్నాడు. యుద్ధంలో మనుషుల్ని నడిపినవాడికి తెలుస్తుంది, ఆట ఏం చేస్తుందో.

మేడమ్: మీ ఉదాహరణే నా ఉదాహరణ. మెకార్థర్ ఆట తప్పనిసరి చేసింది లోపలికి వచ్చినవాళ్ళకు. జట్టులో చోటు దక్కే నలుగురికి కాకుండా, చేరిన ప్రతివాడికీ. ఆట వచ్చినవాణ్ణే లోపలికి తీసుకోమనడం వేరే సంగతి. ఇక ఆ ముప్పై శాతం మాట. అమెరికాలో దాదాపు ప్రతి ప్రభుత్వ హైస్కూలుకూ మైదానం ఉంటుంది, కోచ్ ఉంటాడు, సాయంత్రం ఆట ఉంటుంది. కాబట్టి ఆడావా అని అడగడంలో కొంత న్యాయం ఉంది. మా కాలేజీ మూడంతస్తుల భవనం. కింద మందుల షాపు, పక్కన బట్టల కొట్టు. మా పిల్లలు ఆకాశం చూసేది మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెరిచినప్పుడు, మేడ మీద. వాళ్ళను మీ గడి ఏమని అడుగుతుంది?

ఈ మాట కొట్టిపారేసేది కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్ చదువు ఎలా మారిందో చూస్తున్నవాళ్ళకు ఇందులో కొత్త ఏమీ లేదు. పదహారు, పదిహేడేళ్ళ వయసులో ఒళ్ళు గట్టిపడాల్సిన రెండేళ్ళను మనం బెంచీలకు అప్పగించేశాం. ఎన్‌డీఏకు వెళ్ళే వయసు కూడా సరిగ్గా అదే, పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర.

మాస్టారు: నీ మాట విన్నాక నాకు కోపం ఇంకా పెరిగింది. గ్రౌండు లేదు కాబట్టి ఆట అడగొద్దంటున్నావు. మరి కోచింగ్ లేదు కాబట్టి లెక్కలు అడగొద్దని ఎప్పుడైనా అన్నావా? రెండున్నర గంటల్లో 120 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు కోత. మన్యం నుంచి వచ్చిన పిల్లాడు, తెలుగు మీడియంలో పదో తరగతి గట్టెక్కినవాడు, దాన్ని ఎవరి సాయంతో చేస్తాడు? హైదరాబాద్‌లో, విశాఖలో డబ్బు కట్టి చేరినవాడు చేసినట్టు చేస్తాడా? పరీక్షలో ఎక్కువ తక్కువలుంటే అది ప్రతిభ. ఆటలో ఎక్కువ తక్కువలుంటే అది అన్యాయం. ఇదేం తూకం? పల్లెటూరి పిల్లాడికి పుట్టుకతో కాస్త పైచేయి ఉండేదే పరుగులో, కబడ్డీలో. దానికే విలువ లేదంటే వాడు దేంతో పోటీ పడాలి?

(నేను పూర్తిగా జవాబు చెప్పలేనిది ఈ ప్రశ్నకే. మేడమ్ కూడా కాసేపు ఊరుకున్నారు.)

మేడమ్: రాతపరీక్షలో అన్యాయం ఉంది, ఒప్పుకుంటాను. దాన్ని ఇంకో అన్యాయంతో సరిచేయలేం. పల్లెటూరి పిల్లాడు అన్నారు. పిల్ల సంగతేమిటి? మన ఊళ్ళలో ఆడపిల్ల పెద్దమనిషి కాగానే మొదట ఆగిపోయేది చదువు కాదు, ఆట. నేను ఎనిమిదో తరగతి దాకా మీ గ్రౌండులో ఖోఖో ఆడాను, తర్వాత ఇంట్లో ఒద్దన్నారు. ఎన్‌డీఏ తలుపు ఆడపిల్లలకు తెరుచుకున్నదే 2021లో, అదీ సుప్రీంకోర్టు చెబితే. 2022లో మొదటిసారి పంతొమ్మిది మంది వెళ్ళారు. వాళ్ళలో పదిహేడు మంది 2025 మే నెలాఖరున పట్టా పుచ్చుకుని బయటికొచ్చారు. ఇప్పుడిప్పుడే దారి పడుతోంది. ఈ పరిస్థితిలో రాష్ట్రస్థాయి సర్టిఫికెట్‌కు మార్కులన్నారనుకోండి, మా క్లాసులో ఎన్‌డీఏ గురించి అడుగుతున్న ఆడపిల్లలు మళ్ళీ గుమ్మం దగ్గరే ఆగుతారు.

మాస్టారు: అది నిజమే. నిన్ను ఆపినప్పుడు మీ ఇంటికి వచ్చి చెప్పాను, మీ నాన్న వినలేదు. సరే, సర్టిఫికెట్ మాట పక్కన పెడదాం. బోర్డు అసలు ఏం చూస్తుందో దాని సంగతి మాట్లాడు. మన స్కూలు గ్రౌండులో నేను రెండు డ్రమ్ములు, ఒక బల్లచెక్క, తాడు పెట్టి చేయించేవాణ్ణి, గుర్తుందా? బోర్డు పెట్టేది అలాంటిదే, కాకపోతే పెద్దది. నేల మీద రెండు గీతలుంటాయి. మధ్యనంతా వాగు అనుకోవాలి, కాలు పెట్టకూడదు. అక్కడక్కడా దిమ్మెలు. ఎర్ర రంగు పూసిన చోట మనిషి తగలకూడదు, సామాను తగలకూడదు. జట్టు జట్టంతా ఒక బరువు మోసుకుని అవతలికి చేరాలి. నాయకుడంటూ ఎవర్నీ పెట్టరు. చెక్క అవతలి దిమ్మెకు అందదు. అప్పుడేం చేయాలి? ఇద్దరు ఈ చివర బరువుగా నిలబడాలి, రెండో చివర గాల్లోకి చాచుకుని ఉంటే దాని మీద ఒకడు నడిచి వెళ్ళి గెంతాలి. గెంతినవాణ్ణి అందరూ చూస్తారు. ఈ చివర నిలబడ్డవాళ్ళు కాలు కదిపితే వాడు కిందపడతాడు. వాళ్ళు కదలకూడదు. కబడ్డీ ఆడినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కూతకొచ్చినవాణ్ణి పట్టేది ఒకడే అయినా, పక్కవాడు చెయ్యి వదిలితే గొలుసు తెగిపోతుందని వాడి ఒంటికి తెలుసు.

మేడమ్: గుర్తుంది. ఇంకొకటి కూడా గుర్తుంది. జిల్లా జట్టులో ఆడే అబ్బాయి మొదట ఏం చేశాడు? చెక్క లాక్కుని, నేను వెళ్తా నేను వెళ్తా అని అందర్నీ తోసేశాడు. మీరు రెండుసార్లు ఈల వేశారు. చివర్లో కదలకుండా నిలబడ్డది ఎవరు? ఏ ఆటా ఆడనివాడు. వాళ్ళ నాన్నతో సంతకు పశువుల్ని తోలుకెళ్ళే పిల్లాడు. తాడు ముడి ఎలా వేయాలో కూడా వాడికే తెలిసింది. ఆట మంచిదే, కానీ అందరికీ ఒకటే నేర్పదు. కొందరికి పక్కవాణ్ణి చూడ్డం నేర్పుతుంది, కొందరికి చప్పట్లు వినడం నేర్పుతుంది. బోర్డు ఆ తేడా చూడగలదు, సర్టిఫికెట్ చూపించలేదు.

మేడమ్: అసలు ఈ బోర్డు పుట్టిందే అందుకు. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో బ్రిటన్‌లో కాసేపు ఇంటర్వ్యూ చేసి, ఏ స్కూల్లో చదివావు, ఏ ఆట ఆడావు అని అడిగి అధికారుల్ని ఎంచుకునేవాళ్ళు. అలా ఎంచుకున్నవాళ్ళలో చాలామంది శిక్షణలోనే చేతులెత్తేశారు. అప్పుడు 1942లో మానసిక శాస్త్రం తెలిసినవాళ్ళను పిలిచారు. విల్ఫ్రెడ్ బియాన్ అనే డాక్టరు నాయకుణ్ణి పెట్టకుండా జట్టుకు పని అప్పజెప్పి చూసే పద్ధతి తెచ్చాడు. మరుసటి ఏడాదే అది డెహ్రాడూన్ చేరింది. అంటే మనిషి ఏ మైదానంలో పెరిగాడని అడగడం మాని, ముందు తాడూ చెక్కా పెట్టి ఇప్పుడేం చేస్తావో చూపించమన్నారు. మీ మూడు శాతం మనల్ని మళ్ళీ ఆ పాత గుమ్మానికి తీసుకెళ్తుంది.

ఇక్కడ నాదొక మాట. ఆటను చూసి హోదా ఇచ్చిన ముచ్చట మనకూ ఉంది. నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడును ఇండోర్ హోల్కర్ రాజు పిలిపించుకుని తన సైన్యంలో కెప్టెన్ని చేశాడు, తర్వాత కల్నల్ని చేశాడు. ఆ హోదా ఆయన బ్యాటుకు. రాజులకు అది గౌరవం ఇచ్చే పద్ధతి. కానీ ప్లాటూన్‌లో ముప్పైమంది ప్రాణాలు చేతిలో పెట్టేటప్పుడు పద్ధతి మరోలా ఉండాలి. దీనికి ఎదురు ఉదాహరణ రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్. ఖడక్‌వాస్లాలో చదివి సైన్యంలో అధికారి అయ్యాక తుపాకీ గురి మీద దృష్టి పెట్టి, 2004లో ఏథెన్స్ నుంచి ఒలింపిక్ రజతం తెచ్చాడు. ఆ పతకం తెచ్చిన ఆట ఆయనకు అధికారి అయ్యాకే వచ్చింది.

మాస్టారు: రాథోడ్ లాంటివాడు కోటికొకడు. నేను చెప్పేది పతకాల గురించి కాదమ్మా, ఒంటి గురించి. పిలుపు లెటర్ వచ్చాక పరుగు మొదలుపెట్టే పిల్లల్ని ఎంతమందిని చూశానో. తారు రోడ్డు మీద, చవక బూట్లతో, మొదటి రోజే నాలుగు కిలోమీటర్లు. పదో రోజుకు ముంగాలి ఎముక నొప్పి. ఇంకోడికి మోకాలు. మెడికల్ దగ్గర అది బయటపడుతుంది. అకాడమీలో చేరేముందు 2.4 కిలోమీటర్లు పదిహేను నిమిషాల్లో పరుగెత్తేలా, ఇరవై పుషప్‌లు, ఎనిమిది చిన్‌అప్‌లు తీసేలా తయారై రమ్మని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. ఎనిమిది చిన్‌అప్‌లు! మీ కాలేజీలో ఒక్కటి తీసేవాణ్ణి చూపించు. అది రెండు నెలల్లో వచ్చేది కాదు. భుజం మెల్లగా పెరుగుతుంది, మొక్క పెరిగినట్టు.

మేడమ్: ఇప్పుడు మీరు నా దారిలోకి వచ్చారు. మీరడుగుతున్నది దమ్ము, పత్రం కాదు. వెస్ట్ పాయింట్‌లో ఆ పది శాతం దేనికి? ఆరు పరీక్షలకి. మోకాళ్ళ మీద కూర్చుని బాస్కెట్‌బాల్ విసరడం, పులప్‌లు, అటూ ఇటూ వేగంగా పరుగెత్తడం, సిటప్‌లు, పుషప్‌లు, చివర్లో ఒక మైలు పరుగు. ఏ జట్టులో ఆడావని ఆ ఆరింటిలో ఒక్కటీ అడగదు. అలాంటిది ఇక్కడ పెట్టమనండి, మొదటి సంతకం నేనే చేస్తాను. పొలంలో మూటలు మోసినవాడూ గెలుస్తాడు, వాలీబాల్ ఆడినవాడూ గెలుస్తాడు.

మాస్టారు: బోర్డులో అడ్డంకులు దాటే పరీక్ష ఉందిగా. మూడు నిమిషాలు, పది అడ్డంకులు.

మేడమ్: ఉంది. దాన్ని గట్టిగా చూడమందాం. బయటి పత్రం వద్దందాం.

మాస్టారు: మాటలు బాగానే ఉన్నాయి. కానీ నువ్వు కోరుకొండ సంగతి చెప్పనే లేదు. పూసపాటి వారిచ్చిన కోటలో 1962లో పెట్టిన సైనిక్ స్కూలు అది. ఆరో తరగతికి 300 మార్కుల పరీక్ష, అందులో సగం లెక్కలే. పది, పన్నెండేళ్ళ పిల్లాణ్ణి పరుగెత్తి చూపించమని ఎవరూ అడగరు.

మేడమ్: అవును! అడగరు. అడక్కుండా తీసుకుని, ఏడేళ్ళ పాటు పొద్దున పీటీ, సాయంత్రం ఆట. అక్కడ చదువుకున్నవారే సూర్యాపేట సంతోష్ బాబు గారు. ఖడక్‌వాస్లాకు వెళ్ళి, కల్నల్ అయి, 2020లో గల్వాన్‌లో తన దళం ముందు నిలబడి ప్రాణమిచ్చారు. ఇప్పుడక్కడ ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. తెలంగాణలో మాలావత్ పూర్ణ కథ కూడా ఇలాంటిదే. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే పిల్లను భువనగిరి గుట్ట ఎక్కించారు, పదమూడేళ్ళకు 2014లో ఎవరెస్ట్ ఎక్కింది. ముందు కొండెక్కిన సర్టిఫికెట్ తెమ్మన్నారా? ఆటను అడిగే ముందు ఇవ్వాలి మాస్టారూ. ఇచ్చి చూసిన చోటల్లా పిల్లలు నిలబడ్డారు.

మాస్టారు: ఇవ్వాలి, ఇవ్వాలి. ఎవరివ్వాలి? సైనిక్ స్కూల్లో సీట్లెన్ని, ఇంటర్ చదివే పిల్లలెంతమంది? మిగతావాళ్ళందరూ మీలాంటి కాలేజీల్లో ఉన్నారు. మీ టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఉందా?

మేడమ్: కాగితం మీద ఉంది. శనివారం చివరి గంట. అది లెక్కలకో ఫిజిక్స్‌కో పోతుంది.

మాస్టారు: అందుకే నేను మార్కులడుగుతున్నాను. నువ్వు అనుకునేంత అమాయకంగా అడగడం లేదు. మార్కు లేనిదేదీ మీ కాలేజీల్లో బతకదని నాకు తెలుసు. ఆటకు మూడు శాతం మార్కులుంటే మీ యజమాని రేపే ఊరి బయట స్థలం అద్దెకు తీసుకుంటాడు. మార్కు లేకపోతే ఎన్ని జీవోలు వచ్చినా తీసుకోడు.

మేడమ్: తీసుకుంటాడు. ఎన్‌డీఏ బ్యాచ్ అని పేరు పెట్టి, విడిగా ఫీజు వసూలు చేసి, ఆ ఫీజు కట్టిన ముప్పైమందినే అక్కడికి తీసుకెళ్తాడు. మిగతా పిల్లలు మేడ మీదే. మీరు మార్కు పెట్టించి ఆట తెప్పించాలంటున్నారు. నేను కాలేజీకి గుర్తింపు ఇచ్చేటప్పుడే మైదానం చూడమంటున్నాను. అద్దెకో సొంతానికో, నడిచి వెళ్ళేంత దూరంలో, ప్రతి పిల్లకీ పిల్లాడికీ రోజుకో గంట. అది లేని కాలేజీకి అడ్మిషన్లు ఆపమంటున్నాను. ఆ పని అకాడమీది కాదు, ఇంటర్ బోర్డుది. అకాడమీ గుమ్మం దగ్గర మార్కు పెడితే, ఇక్కడ చేయాల్సింది చేయకుండా తప్పించుకున్నవాళ్ళకు ఇంకో సాకు దొరుకుతుంది.

మాస్టారు: ఇంటర్ బోర్డు మైదానాలు చూసేసరికి మీ క్లాసులో ఇప్పుడున్న పిల్లలందరికీ పంతొమ్మిదిన్నర దాటుతుంది. వాళ్ళేం పాపం చేశారు?

మేడమ్: ఏమీ చేయలేదు. అందుకే వాళ్ళ పక్కవాడికి మార్కులిచ్చి వాళ్ళను ఇంకా వెనక్కి నెట్టొద్దంటున్నాను.

మాస్టారు: సరే, నా మూడు శాతం నేను వదలను. నీ గుర్తింపు మాట నువ్వు వదలొద్దు. ఎన్‌డీఏ రాస్తామంటున్నవాళ్ళు మీ క్లాసులో ఎంతమంది?

మేడమ్: తొమ్మిదిమంది. నలుగురు అమ్మాయిలు.

మాస్టారు: హైస్కూలు గ్రౌండు పొద్దున ఖాళీగానే ఉంటుంది. హెడ్మాస్టర్‌ను నేనడుగుతాను. ఐదున్నరకు పంపించు. బూట్లు లేనివాళ్ళు ఉత్తి కాళ్ళతో వచ్చినా సరే, మట్టి నేల, ఏం కాదు. మొదటి నెల పరుగు వద్దు, నడకే. చిన్‌అప్‌కు పైపు కట్టించాలి.

మేడమ్: అమ్మాయిల ఇళ్ళల్లో ఒప్పుకోవద్దూ?

మాస్టారు: ఇళ్ళు చెప్పు, నేను వెళ్తాను. ఒకసారి చెప్పి ఊరుకున్నాను, ఈసారి ఊరుకోను.

మేడమ్: శనివారాలు మా కాలేజీలో వీక్లీ టెస్టు ఉంటుంది మాస్టారూ.

మాస్టారు: టెస్టు ఎన్నింటికి?

మేడమ్: తొమ్మిదింటికి.

మాస్టారు: ఏడింటికల్లా వదిలేస్తాను. శనివారం కూడా పంపించు.